ఆరేళ్లు నిండని పాపకు డిప్రెషన్ వస్తుందా? తల్లి జబ్బుకూ దీనికీ సంబంధం ఉందా?

ప్రశ్న (ఒక తండ్రి)

మా పెద్దపాపకు ఇంకో రెండు నెలల్లో ఆరేళ్లు నిండుతాయి. నాలుగు నెలల కిందటి వరకు ఇల్లంతా తనదే అన్నట్టు తిరిగిన పిల్ల, ఇప్పుడు బొమ్మల బుట్ట ముందు పెట్టుకుని కూడా ఒక్క బొమ్మనైనా ముట్టుకోకుండా కూర్చుంటోంది. రంగుపెన్సిళ్లంటే దానికి ప్రాణం. ఇప్పుడు కాగితం చేతికిస్తే రెండు గీతలు గీసి, బాగా రాలేదని చించేసి, ‘నేను మంచిదాన్ని కాదు’ అంటోంది. ఉదయం లేవగానే కడుపునొప్పి అంటుంది. సెలవు రోజున కూడా అదే మాట అంటుంది కాబట్టి, ఇది బడి ఎగ్గొట్టడానికి వేసే వేషం కాదని నా నమ్మకం. ఏడవడం కంటే విసుక్కోవడమే ఎక్కువ. రాత్రి పడుకున్నాక నిద్ర పట్టడానికి గంటకు పైగా పడుతోంది.

చెప్పక తప్పని నేపథ్యం ఒకటుంది. ఏడాదిన్నర కిందట బాబు పుట్టిన తరువాత నా భార్యకు డిప్రెషన్ వచ్చింది. మందులు వాడి కోలుకుంది కానీ, కాస్త తేరుకోగానే వైద్యులకు చెప్పకుండా మానేసింది. ఆరు నెలలుగా మళ్లీ ముభావంగా ఉంటోంది. ఇప్పుడు పాపను చూసి, ‘నా జబ్బే దానికి అంటుకుంది’ అని కుమిలిపోతోంది. పెద్దవాళ్లేమో, తమ్ముడు పుట్టాడని బెంగ పెట్టుకుంది, అదే పోతుందిలే అంటున్నారు.

ఇంత చిన్న వయసులో నిజంగా ఈ జబ్బు వస్తుందా, వస్తే తల్లి నుంచే వచ్చిందనుకోవాలా, చికిత్స అంటే పాపకు మందులు మింగించడమేనా అన్న విషయాలు తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (పిల్లల మానసిక వైద్యురాలు)

వస్తుంది. అయితే మీ పాపకు వచ్చినది అదేనని చూడకుండా నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇంకా ఆగి చూద్దామనే గడువు మాత్రం దాటిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు వైద్యుల్లోనే చాలామంది, చిన్నపిల్లల మనసు ఈ జబ్బు రావడానికి తగినంతగా ఎదగదని వాదించేవారు. తల్లికి దూరమై సంస్థల్లో పెరుగుతున్న పసికందులు మొదట ఏడ్చి, తరువాత ఏడవడం కూడా మానేసి, బరువు తగ్గి, ముఖం గోడవైపు తిప్పుకుని పడుకోవడాన్ని మానసిక వైద్యుడు రెనె స్పిట్జ్ 1946లోనే వర్ణించినా, దాన్ని మామూలు డిప్రెషన్‌తో కలిపి చూడడానికి చాలామంది వెనుకాడారు. తరువాత కొన్ని దశాబ్దాలపాటు, పిల్లల్లో కుంగుబాటు ఎప్పుడూ అల్లరి, పక్క తడపడం, నొప్పులు వంటి ముసుగులోనే ఉంటుందనే మాట నడిచింది. ఇప్పుడు మూడేళ్ల వయసు నుంచే దీన్ని గుర్తించవచ్చని మనకు తెలుసు. బడికి పోకముందు వయసు పిల్లల్లో నూటికి ఒకరిద్దరికి ఉంటుందని అంచనా. యుక్తవయసు రాకముందు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ ఇది దాదాపు సమానంగా కనిపిస్తుంది. ఆడపిల్లల్లో ఎక్కువ కావడం ఆ తరువాతి సంగతి.

పెద్దవాళ్లలో లాగా ఈ వయసు పిల్లలు రోజంతా దిగులుగా కూర్చోరు. మధ్యలో నవ్వుతారు, పరుగెత్తుతారు, మళ్లీ చల్లబడిపోతారు. కాబట్టి ‘నిన్న నవ్వింది కదా’ అన్న మాటతో కొట్టిపారేయకూడదు. పిల్లల విషయంలో దిగులుకు బదులు విడవని చిరాకు ఉన్నా, రోగనిర్ధారణ సూత్రాలు దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. నేను అన్నిటికంటే ఎక్కువగా గమనించేది మాత్రం ఆట. ఆట పిల్లలకు కాలక్షేపం కాదు, ఆకలిలాంటిది. అందులో రుచి చచ్చిపోయిన పిల్లను చూసినప్పుడు నేను ఆగుతాను. దానికి తోడు చేయని తప్పుకు తనను తాను నిందించుకోవడం కనిపిస్తే, తమ్ముడి మీద బెంగ అనే వివరణ నాకు చాలదు. బెంగ పెట్టుకున్న పిల్ల సాధారణంగా తమ్ముణ్ణి తిడుతుంది, తనను తాను తిట్టుకోదు.

మొదట పిల్లల వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లి రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నాయేమో చూపించండి. నిద్రలో గురక పెట్టడం, ఊపిరి ఆగి ఆగి తీసుకోవడం ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే సరిగా నిద్రపోని పిల్ల పగలంతా విసుగ్గానే ఉంటుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరేళ్లు దాటినవారికి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. వాడుతున్న మందులు కూడా చూడాలి. ఉబ్బసానికి ఇచ్చే మాంటెలుకాస్ట్ మనసు మీద చూపే ప్రభావం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తన హెచ్చరికను మరింత కఠినం చేసింది. మూర్ఛకు వాడే లెవెటిరసెటమ్ కొందరు పిల్లల్లో తీవ్రమైన చిరాకును తెస్తుంది. దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్ల సంగతి కూడా అంతే.

ఇక మీరు అసలు అడగదలచుకున్న ప్రశ్నకు వస్తాను. తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం, లేనివారి పిల్లలతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉంటుందని తరాల పాటు సాగిన పరిశీలనలు చెబుతున్నాయి. అయినా అటువంటి ఇళ్లలో కూడా చాలామంది చిన్నపిల్లలు ఈ జబ్బు లేకుండానే పెరుగుతారు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి చూస్తే, చిన్నపిల్లల్లో వంశపారంపర్యం కంటే ఇంటి వాతావరణం పాత్ర పెద్దది. జన్యువుల పాత్ర కౌమారంలో పెరుగుతుంది. కౌమార వయసు పిల్లలున్న దత్తత కుటుంబాలను పరిశీలించినప్పుడు కూడా, పెంచిన తల్లికి డిప్రెషన్ ఉన్నచోట పిల్లల్లో సమస్యలు ఎక్కువగానే కనిపించాయి. అక్కడ రక్తసంబంధం లేదు కదా. మరి ఎలా చేరుతుంది? మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగంలో, బిడ్డతో ఆడుకుంటున్న తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేకలు వేస్తుంది, ఫలితం లేకపోయేసరికి చూపు తిప్పేసుకుంటుంది. అది రెండు మూడు నిమిషాల ప్రయోగం. జబ్బు అదే పనిని నెలల తరబడి చేస్తుంది. తల్లి కావాలని చేయదు. ‘అంటుకుంది’ అన్న మాట అందుకే సరికాదు. ఇది పిల్ల శరీరంలోకి వెళ్లి కూర్చున్న మచ్చ కాదు, ఇద్దరి మధ్య తెగిన ఒక సంభాషణ, కాబట్టి మళ్లీ అతికే వీలుంది.

మిగిలిన కారణాలు కూడా ఒంటరిగా పనిచేయవు. దెబ్బలు, లైంగిక వేధింపు, నిర్లక్ష్యం, దగ్గరివారి మరణం, తల్లిదండ్రుల మధ్య ఎడతెగని గొడవ, మధుమేహం, మూర్ఛ వంటి విడవని జబ్బులు, చదవడంలోనో మాటలోనో ఉన్న ఇబ్బంది, ఏకాగ్రత లోపం, అంతకుముందే ఉన్న ఆందోళన, పేదరికం అన్నవి ఒకదానిమీద ఒకటి పేరుకున్నకొద్దీ బరువు పెరుగుతుంది. పుట్టుకతోనే చిన్న విషయానికి ఎక్కువ చలించే స్వభావం ఉన్న పిల్ల ఆ బరువుకు ముందుగా వంగుతుంది. వీటిలో మీ ఇంట్లో ఉన్నవి ఏవో మీరే బాగా చెప్పగలరు.

సమాధానం (ఒక తల్లి)

మా అబ్బాయికి ఆరో ఏట ఈ జబ్బు ఉందని తేలింది. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. డాక్టరు గారు చెప్పినవాటికి అదనంగా, చికిత్స గదిలో ఏం జరుగుతుందో చెబితే మీకు భయం తగ్గుతుందని రాస్తున్నాను.

మేము మొదట తప్పు దారిలో వెళ్లాం. వాడి చిరాకును మొండితనం అనుకుని, చెప్పినమాట విన్న రోజున ఒక నక్షత్రం అంటించే పట్టిక గోడకు తగిలించాం. నక్షత్రాలు రాని రోజులే ఎక్కువ కావడంతో, తాను పనికిరానివాడినన్న వాడి నమ్మకానికి మేమే గోడమీద రుజువు చూపించినట్టయింది.

తరువాత దొరికిన థెరపిస్టు, తల్లీబిడ్డలను కలిపి కూర్చోబెట్టే పద్ధతిని అనుసరించారు. బిడ్డను ఒంటరిగా గదిలోకి తీసుకువెళ్లి కౌన్సెలింగ్ చేస్తారని నేననుకున్నాను, కానీ శిక్షణ అంతా నాకే. నేనూ వాడూ ఒక గదిలో ఆడుకుంటాం. థెరపిస్టు అద్దం అవతలి నుంచి మమ్మల్ని చూస్తూ, నా చెవిలో పెట్టిన చిన్న పరికరం ద్వారా ఏం చేయాలో చెబుతారు. మొదటి వారాల్లో నేను నేర్చుకున్నది ఆటను వాడి చేతికి వదిలేయడం. ప్రశ్నలు అడగకూడదు, పని చెప్పకూడదు, దిద్దకూడదు. వాడు చేస్తున్నది పైకి చెప్పాలి, వాడన్న మాటను తిరిగి అనాలి, మెచ్చుకునేటప్పుడు ‘శభాష్’ అని ఊరుకోకుండా దేనికి మెచ్చుకుంటున్నానో చెప్పాలి. ఇంట్లో కూడా రోజుకు ఐదు నిమిషాలు ఇలాగే ఆడాలి, వాడు ఆ రోజు ఎంత అల్లరి చేసినా సరే ఆ ఐదు నిమిషాలు రద్దు కాకూడదు. ఐదు నిమిషాలే కదా అనుకున్నాను గానీ, ప్రశ్న వేయకుండా ఐదు నిమిషాలు పిల్లవాడితో ఉండడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆ తరువాత హద్దులు పెట్టడం గురించి కొన్ని వారాలు నడిచాయి. అందులో నాకు గుర్తున్నది తక్కువ. చివరి భాగం మాత్రం మరచిపోలేను. గదిలో కావాలనే ఒక చిన్న నిరాశ కల్పించేవారు. వస్తుందనుకున్న బహుమతి రాకపోవడమో, వాడి చేతిలో ఏదో వస్తువు విరిగినట్టు కావడమో జరిగేది. వాడి ముఖం చిన్నబోగానే నా నోట ‘ఏం కాదులే’ అన్న మాట వచ్చేది. అది అనకూడదని చెవిలో వినిపించేది. ‘నీ వల్ల పాడైందని నీకు బాధగా ఉంది కదూ’ అని ఆ భావానికి పేరు పెట్టి, పక్కన కూర్చుని, వాడంతట వాడు తేరుకునే దాకా ఆగాలి. వాడి బాధను తుడిచేయాలన్న నా తొందర, ఆ బాధ ఉండకూడనిదని వాడికి నేర్పుతోందని నాకు అప్పటి వరకు తెలియదు.

మాకు పదో వారం దాకా మార్పేమీ కనిపించలేదు. మధ్యలో మానేద్దామనుకున్నాం కూడా.

సమాధానం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు)

పైన రాసినవారితో నాకు పెద్ద విభేదం లేదు కానీ, ఒక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను. ప్రతి ముభావమైన పిల్లకూ జబ్బు పేరు తగిలించడం ఈ మధ్య నేను చూస్తున్నాను. స్వల్పంగా ఉన్నప్పుడు కొద్దికాలం గమనిస్తూ ఆగడం కూడా ఒక పద్ధతేనని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలే అంటాయి. అయితే అక్కడ కూడా సుమారు రెండు వారాల్లో మళ్లీ పరీక్షించాలనే ఉంది, నెలల తరబడి వదిలేయమని లేదు. అందువల్ల మీ విషయంలో ఆగమని నేను చెప్పడం లేదు. చూడాల్సిన చోట్లన్నీ చూసి వెళ్లమంటున్నాను.

బడిలో ఏం జరుగుతోందో ఉపాధ్యాయులను విడిగా కలిసి అడగండి. ‘బాగా చదువుతోందా’ అని అడిగితే బాగానే చదువుతోందని చెబుతారు. విరామంలో ఎవరితో ఆడుతోంది, ఎవరైనా ఏడిపిస్తున్నారా, తోటివారితో పోలిస్తే అక్షరాలు పట్టుకోవడం కష్టంగా ఉందా అని అడగాలి. నలభై మంది ఉన్న తరగతిలో కుర్చీలు పడదోసే పిల్లవాడు మా కళ్లలో పడతాడు; మూల కూర్చుని పెన్సిల్ కొన చూసుకునే పిల్ల బుద్ధిమంతురాలని మెప్పు పొందుతుంది. నేను కూడా అలా మెచ్చుకున్న పిల్లలున్నారు, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇంకొక మాట మొహమాటపడకుండా రాస్తున్నాను. ఇంట్లో గానీ బయట గానీ ఎవరైనా పాపను కొడుతున్నారా, ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారా అన్నది తెలుసుకోవాలి. ఆమె ఒంటరిగా, నింపాదిగా ఉన్నప్పుడు అడగండి. ఒక్కసారికే చెప్పకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. రక్తపరీక్షల్లో లోపమేమీ లేదు, గురక లేదు, వేరే మందులేవీ వాడడం లేదు. బడిలో ఏడిపించేవారు లేరని చెప్పారు కానీ, విరామంలో రెండు నెలలుగా గోడ పక్కనే నిలబడి ఉంటోందన్న సంగతి నేను అడిగిన తరువాతే బయటపడింది. మానసిక వైద్యుల అపాయింట్‌మెంట్ మూడు వారాల తరువాత దొరికింది.

రెండు విషయాలు నన్ను పీడిస్తున్నాయి. మొన్న రాత్రి పాప, ‘నేను లేకపోతే అమ్మ ఏడవదు కదా’ అంది. నాకు నోట మాట రాలేదు, దుప్పటి కప్పి వచ్చేశాను. తిరిగి అడిగితే లేని ఆలోచన కల్పించినట్టవుతుందేమో అని భయం. రెండోది, తెలిసినవారి పదేళ్ల బాబుకు ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇస్తున్నారు. మాకూ అదే రాస్తారా? ఆ మందుల వల్ల ప్రాణం తీసుకునే ఆలోచనలు వస్తాయని చదివాను.

సమాధానం (పిల్లల మానసిక వైద్యురాలు)

మొదటి విషయం కోసం మూడు వారాలు ఆగవద్దు. ఈ మాట పాప అన్నట్టు ఈ రోజే ఆ వైద్యులకు ఫోన్ చేసి చెప్పి, ముందుగా చూడమని కోరండి. చచ్చిపోవాలని ఉందని అన్నా, తనను తాను గాయపరచుకునే ప్రయత్నం చేసినా, దానికి మార్గం ఆలోచించినట్టు కనిపించినా అపాయింట్‌మెంట్ సంగతి మరచిపోయి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. మీ భార్య మందులతో సహా ఇంట్లోని మందులన్నిటినీ తాళం వేసి పెట్టండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అడగకపోతే ఉన్న ఆలోచనతో పిల్ల ఒంటరిగా మిగులుతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు చావు తిరిగిరాని విషయమని పూర్తిగా అర్థం కాకపోవచ్చు కానీ, తాను భారమన్న భావన అర్థం కావడానికి ఆ వయసు చాలు. ‘నువ్వు లేకపోతే అన్నావు కదా, అంటే ఎక్కడికైనా వెళ్లిపోవాలనా, చచ్చిపోవాలనా?’ అని మామూలు గొంతుతో అడగండి. జవాబు ఏదైనా సరే, అమ్మకు ఒక జబ్బు వచ్చింది, అది నీ వల్ల రాలేదు, దాన్ని తగ్గించడం పెద్దవాళ్ల పని అని చెప్పండి. ఒకసారి చెబితే చాలదు.

మందుల సంగతి. మీ పాప వయసులో మొదటి చికిత్స మందు కాదు. పైన ఆ తల్లి వర్ణించిన పద్ధతిని అమెరికాలోని పిల్లల మానసిక వైద్యురాలు జోన్ లూబీ బృందం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలున్న 229 తల్లిదండ్రులు-పిల్లల జంటల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించింది. 18 వారాల తరువాత, వరుసలో వేచి ఉన్నవారితో పోలిస్తే చికిత్స పొందిన పిల్లల్లో జబ్బు గణనీయంగా తగ్గింది. అంతేకాదు, వారి తల్లిదండ్రుల్లో కూడా కుంగుబాటు లక్షణాలు, పెంపకంలోని ఒత్తిడి తగ్గాయి. నాకు ఆ రెండో ఫలితమే ఎక్కువ నచ్చుతుంది.

ఫ్లూఆక్సెటిన్‌ను పిల్లల డిప్రెషన్‌కు అమెరికాలో 2003లో అనుమతించింది 8 ఏళ్లు, ఆపైవారికి. మీకు తెలిసిన ఆ బాబు ఆ పరిధిలో ఉన్నాడు. ఆ మందుకు అనుకూలంగా తరచూ చెప్పే 2004 నాటి పెద్ద పరిశోధన 12 నుంచి 17 ఏళ్ల 439 మంది మీద జరిగింది. 12 వారాల తరువాత మందూ సీబీటీ థెరపీ (ఆలోచించే తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) కలిపి పొందినవారిలో 71 శాతం, మందు ఒక్కటే వాడినవారిలో 61 శాతం, థెరపీ మాత్రమే పొందినవారిలో 43 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 35 శాతం మెరుగుపడ్డారు. పదిహేనేళ్లవారి అంకెలు తెచ్చి ఐదేళ్ల పిల్లకు అన్వయించడం కుదరదు. మీరు చదివిన హెచ్చరిక కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నుంచి 2004లోనే వచ్చింది. 24 పరిశోధనల్లోని 4,400 మందికి పైగా పిల్లల, కౌమారుల వివరాలు కలిపి చూసినప్పుడు, ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రవర్తన మందు వాడినవారిలో 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 2 శాతం మందిలో కనిపించాయి. వారిలో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. అందుకే పెద్దపిల్లలకు మందు అవసరమైనప్పుడు ఇస్తాం, తొలి వారాల్లో దగ్గరగా గమనిస్తాం. మీ పాపకు ఎవరైనా మొదటి రోజే చీటీ రాసిస్తే, రెండో అభిప్రాయం తీసుకోండి.

ఈ ఇంట్లో ఇప్పుడు మందు అవసరం ఎవరికైనా ఉంటే, అది బహుశా మీ భార్యకు. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలున్న 151 మంది తల్లులను చూశారు. మూడు నెలల చికిత్సతో తల్లి జబ్బు తగ్గిన ఇళ్లలో, పిల్లల్లో మానసిక సమస్యల నిర్ధారణలు 11 శాతం తగ్గాయి. తగ్గని ఇళ్లలో సుమారు 8 శాతం పెరిగాయి. పిల్లలకు విడిగా చికిత్స ఇప్పించడం ఆ పరిశోధన ఉద్దేశం కాదు. ఆమెను తన వైద్యుల దగ్గరకు ఈ వారమే తీసుకువెళ్లండి, మానేసిన మందును తనంతట తాను తిరిగి మొదలుపెట్టవద్దని చెప్పండి.

పాపను చూపించేటప్పుడు ఇద్దరూ వెళ్లండి. నాలుగు నెలల్లో ఏది ఎప్పుడు మొదలైందో తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు వైపుల బంధువుల్లో ఎవరికైనా బైపోలార్ జబ్బు (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు) ఉందేమో కనుక్కుని వెళ్లండి, ఎందుకంటే ఉంటే మందుల విషయంలో నిర్ణయం మారుతుంది. ఈ లోపు మీరు, ఆమె కాదు, మీరు, రోజుకు ఆ ఐదు నిమిషాల ఆట మొదలుపెట్టండి. ఆమెకు ఓపిక వచ్చిన తరువాత తనూ చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు

వైద్యుల దగ్గర ఎల్లుండికి మార్చారు. పాపను మీరు చెప్పినట్టే అడిగాను. చచ్చిపోవడం కాదట, వేరే ఇంట్లో ఉంటే అమ్మకు పని తగ్గుతుందట. మందులు తాళం వేశాను. ఐదు నిమిషాల ఆటలో నిన్న నేను ఏడు ప్రశ్నలు వేశాను, ఇవాళ మూడు.